మధ్యమ సోపానం: కళాశాలలో స్పానిష్ అభ్యాసం

దక్షిణ భారత హిందీ ప్రచార సభవారి పరీక్షలకు కూర్చున్న తెలుగువారికి 'మధ్యమ' అన్న మాట చిరపరిచితం. 1918లో మద్రాసులో మొదలైన హిందీ ప్రచారోద్యమం ఊరూరా నాటిన ఆ పరీక్షలలో 'ప్రాథమిక' తరువాతది 'మధ్యమ'; దానికి పైన 'రాష్ట్రభాష'; ఇంకను పైకి పోతే 'విశారద', 'ప్రవీణ'. ప్రాథమికకు పిల్లలు వేడుకతో వచ్చి చేరుతారు. ప్రవీణ పట్టా పుచ్చుకొన్నవారిని నలుగురూ పండితులంటారు. నడిమి మెట్టును గూర్చి మాత్రం ఎవరూ ముచ్చటించరు. అక్షరాలు వచ్చిన సంతోషం అప్పటికి తీరిపోతుంది. ప్రేమచందు నవలను నిఘంటువు విప్పకుండా చదివే సుఖం ఇంకా అందదు. తప్పు మాట్లాడుతున్నామని గ్రహించేటంత భాష వస్తుంది గాని, ఒప్పుగా మాట్లాడేటంత భాష రాదు. అనువాదమే వృత్తిగా పెట్టుకొన్న నేను కూడా ఆ మెట్టు మీద రెండేండ్లు నిలిచిపోయినదానికి సాక్షిని. 'కితాబ్' స్త్రీలింగమా, 'గ్రంథ్' పుంలింగమా అని ప్రతి వాక్యం చివరా తడుముకొన్న ఆ దినాలు ఇప్పటికీ మరపునకు రావు.

ఒక భాష మనదగునా, పరాయిదిగానే ఉండిపోవునా అన్నది ఈ నడిమి మెట్టు మీదనే తేలుతుందని నా నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి మన హిందీ ఒక్కటే చాలదు. ఎక్కువ మంది, ఎక్కువ కాలం ఆ మెట్టు మీద నిలిచిన చోటును చూడాలి. అటువంటి చోటు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కళాశాలలు. అక్కడి భాష స్పానిష్. రెండు శతాబ్దాలకు పైగా ఆ కళాశాలలు స్పానిష్ నేర్పుతున్నాయి. ప్రారంభ పాఠాలు ముగించి, సాహిత్యపు వాకిలి వరకు వచ్చి, అక్కడినుండి వెనుదిరిగినవారు ఆ దేశంలో లక్షలలో ఉన్నారు. వారి చరిత్ర మనకు పరాయిది కాదు.

పరభాషవారికి స్పానిష్ నేర్పవలెనన్న తలంపు ఆ భాష వ్యాకరణమంత పాతది. 1492లో ఆంటోనియో దె నెబ్రిహా అనే పండితుడు స్పెయిను రాణి ఇసబెల్లాకు ఒక వ్యాకరణాన్ని అంకితమిచ్చాడు. ఐరోపాలోని జీవద్భాషలలో ఒకదానికి వ్యాకరణం అచ్చుకావడం అదే మొదలు. కొలంబసు ఓడలు పడమటికి బయలుదేరిన సంవత్సరం కూడా అదే. ఆ గ్రంథంలో అయిదవ భాగాన్ని నెబ్రిహా ప్రత్యేకంగా కాస్తీలు భాష నేర్చుకోదలచిన పరదేశీయుల కొరకే వ్రాశాడు. ఇట్టి పుస్తకం వలన ప్రయోజనమేమని రాణి అడిగినప్పుడు, జయించిన జాతులకు మన శాసనాలతోపాటు మన భాష కూడా కావలసి వస్తుందని ఆవిలా బిషప్పు సమాధానమిచ్చినట్లు ఆయన పీఠికలో పేర్కొన్నాడు. అధికారము, వ్యాకరణము చేయిపట్టుకొని నడచిన తొలి అడుగు అది. మూడు శతాబ్దాలు గడచిన తరువాత ఆ భాషను అమెరికాలోని ఇంగ్లీషువారు నేర్చుకోబూనినప్పుడు వారి మనసులో ఉన్నది వాణిజ్యం, పొరుగుతనం, కొంత కుతూహలం.

వారిలో ముందు చెప్పుకోదగినవాడు థామస్ జెఫర్సన్. 1787లో ఆయన పారిసు నుండి తన మేనల్లునికి జాబు వ్రాస్తూ, స్పెయినుతోను, దక్షిణపు స్పానిష్ దేశాలతోను మనకు రానున్న సంబంధాల దృష్ట్యా ఈ భాషను శ్రద్ధగా నేర్చుకొమ్మని, అమెరికా ఖండపు ప్రాచీన చరిత్రలో పెద్ద భాగం ఈ భాషలోనే ఉన్నదని హితవు చెప్పాడు. దూరదృష్టి గల మాట. అయితే తాను ఆ భాషను ఎట్లా నేర్చినదీ ఆయన చెప్పిన కథ వేరు. ఐరోపాకు ఓడలో పోతూ, ఒక వ్యాకరణము, ఒక 'డాన్ క్విక్సోట్' ప్రతి దగ్గర పెట్టుకొని, 19 దినాల ప్రయాణంలో స్పానిష్ నేర్చుకొన్నానని 1804లో ఒక విందులో ఆయన అన్నాడట. ఆ మాట విన్న జాన్ క్విన్సీ ఆడమ్సు దానిని తన దినచర్యలో వ్రాసికొని, ఈయన పెద్ద పెద్ద కథలు చెప్తాడని ఒక వ్యాఖ్య కూడా చేర్చాడు. భాషాభ్యాసంలో మొదటి మెట్టు ఎంత తీపిగా ఉంటుందో ఈ కథ చెప్తుంది. పందొమ్మిది దినాలలో ఏదో ఒకటి నిజంగానే వస్తుంది. ఇరవయ్యో దినం నుండి ఏమి చేయాలన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న కళాశాలకు ఎదురైనది ఒక వర్తకుని దానం వలన. 1815లో మరణించిన ఏబియల్ స్మిత్ అనే బోస్టను వర్తకుడు ఫ్రెంచి, స్పానిష్ భాషలు నేర్పడానికి హార్వర్డు కళాశాలకు 20,000 డాలర్లు వ్రాసిపెట్టి పోయాడు. అప్పటికి ఆ కళాశాలలో విద్య అంటే గ్రీకు, లాటిన్, గణితం. ఆధునిక భాష నేర్చుకోవడం నృత్యమో కత్తిసామో నేర్చుకోవడం వంటి అదనపు అలంకారం. స్మిత్ పీఠానికి మొదటి ఆచార్యుడుగా ఎన్నికైన జార్జి టిక్నర్ ఆ సమయానికి దేశంలో లేడు. 1791లో బోస్టనులో పుట్టి, న్యాయవాద వృత్తిని వదలిపెట్టి, 1815లో జర్మనీలోని గోటింగెనుకు చదువుకోసం పోయాడు. అంతకుముందు జర్మన్ నేర్చుకోదలచితే బోస్టనులో తగిన గురువు దొరకలేదు; ఒకరివద్ద వ్యాకరణం ఎరువు తెచ్చుకొని, నిఘంటువును వేరే రాష్ట్రం నుండి తెప్పించుకొని, గొయితే నవల ఒకదానిని ఆడమ్సుగారి గ్రంథాలయం నుండి సంపాదించి ఆరంభించవలసి వచ్చింది. మన పల్లెలలో ఒక్క నిఘంటువు కోసం పొరుగూరికి నడచిపోయినవారికి ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు.

పీఠం అంగీకరించిన తరువాత టిక్నర్ 1818లో మాడ్రిడు చేరి, హోసే ఆంటోనియో కొండే అనే పండితుని వద్ద స్పానిష్ కావ్యాలు చదివాడు. 1819లో హార్వర్డుకు వచ్చి పీఠం అధిష్ఠించాడు. ఆయన సాహిత్యంపై ఉపన్యాసాలిచ్చేవాడు. భాష నేర్పే పని ఫ్రాన్సిస్ సేల్సు వంటి సహాయకులది. ఫ్రాన్సు దక్షిణపు కొసన రూసియోనులో పుట్టి, అమెరికాకు వలస వచ్చిన సేల్సు దాదాపు నాలుగు దశాబ్దాలు హార్వర్డులో స్పానిష్ వ్యాకరణం బోధించాడు. విద్యార్థులకోసం పాఠ్యపుస్తకాలు కూర్చి, 1836లో 'డాన్ క్విక్సోట్'ను స్పానిష్‌లోనే బోస్టనులో అచ్చు వేయించాడు. చరిత్ర టిక్నర్ పేరును స్మరిస్తుంది. కాని విద్యార్థి చేయి పట్టుకొని నడిమి మెట్టు ఎక్కించినవాడు సేల్సే. ప్రతి భాషాశాఖలోనూ ఇట్టి ఇద్దరు ఉంటారు; వేదిక మీది ఆచార్యుడు ఒకడు, గదిలోని ఉపాధ్యాయుడు ఒకడు.

అయినను 'మధ్యమ' అనే అంతస్తును కళాశాలలో నిలబెట్టిన ఖ్యాతి టిక్నర్‌కే దక్కుతుంది. ఆ రోజులలో ఒకే యేడు చేరిన విద్యార్థులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకే పాఠం ఒప్పగింపించుకొనేవారు. చురుకైనవాడు విసుగెత్తి నిద్రపోయేవాడు. వెనుకబడినవాడు భయంతో బిక్కచచ్చేవాడు. 1823లో హార్వర్డులో పెద్ద అల్లరి జరిగి, పై తరగతిలోని సుమారు 70 మందిలో 43 మందిని బహిష్కరించారు. ఆ కల్లోలం తరువాత టిక్నర్ సంస్కరణకు పూనుకొన్నాడు. విద్యార్థులను చేరిన సంవత్సరాన్ని బట్టి గాక, వచ్చిన విద్యను బట్టి విభజించాలని, ఎవని వేగాన్ని బట్టి వానిని ముందుకు పోనివ్వాలని ఆయన 1825లో ప్రకటించిన చిన్న గ్రంథంలో వాదించాడు. కళాశాల కొత్త నియమాలు చేసింది. కాని తక్కిన శాఖల ఆచార్యులు వాటిని ఇష్టపడలేదు. 1827 నాటికి ఆ నియమాల పాలన ఇతర శాఖలకు ఐచ్ఛికమైపోయింది. ఆధునిక భాషాశాఖలో మాత్రమే అవి నిలిచాయి. నేడు ఏ కళాశాలలోనైనా ప్రవేశానికి ముందు చిన్న పరీక్ష పెట్టి, ఒకరిని మొదటి తరగతికి, మరొకరిని మధ్యమకు పంపడం మనకు సహజంగా కనిపిస్తుంది. ఆ సహజత్వం వెనుక ఒకనాటి పోరాటమున్నది.

1832 ఆగస్టులో టిక్నర్ జీవద్భాషలను బోధించే పద్ధతులను గూర్చి బోస్టనులో ఒక ఉపన్యాసమిచ్చాడు. అన్ని వయసులవారికి, అన్ని స్థాయిలవారికి సరిపడే ఏకైక పద్ధతి అంటూ లేదన్నది అందులోని సారం. పసివానికి మాటల ద్వారా నేర్పాలి. పెద్దవానికి కారణం చెప్పాలి. ఎవరికైనా భాష జీవమున్నది కనుక మాట్లాడుతూ నేర్చుకోవడమే ఉత్తమం. తరువాతి రెండు శతాబ్దాలలో ఎన్నెన్నో పద్ధతులు తామే తారకమంత్రమని చాటుకొన్నాయి. వాటన్నిటికంటె ఈ నిదానపు మాట ఎక్కువ కాలం నిలిచింది. తన శాఖను దాటి కళాశాల మొత్తాన్ని మార్చలేకపోయానన్న నిరాశతో టిక్నర్ 1835లో పదవి విడిచాడు. ఆయన మూడు సంపుటాల స్పానిష్ సాహిత్య చరిత్ర 1849లో వెలువడింది.

ఆ దినాలలోనే మన దేశంలో ఏమి జరుగుతున్నదో ఒకసారి జ్ఞాపకం చేసికోవడం తగును. 1812లో మద్రాసులో సెయింటు జార్జి కోట కళాశాల స్థాపితమైంది. అక్కడ ఇంగ్లీషు యువకులు తెలుగు నేర్చుకొని పరీక్ష ఇచ్చి, జిల్లాలకు ఉద్యోగులై పోయేవారు. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వారిలో ఒకడు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు ఆరంభించి, 1820లో పరీక్ష నెగ్గాడు. ఆయనతోపాటు నెగ్గినవారిలో ఎక్కువమందికి తెలుగు కచేరీ పనికి చాలినంత వచ్చి, అక్కడే ఆగిపోయింది. బ్రౌను మాత్రం పరీక్ష తరువాత చదువు మొదలుపెట్టాడు. వ్యాకరణము, నిఘంటువు, వేమన పద్యాల సేకరణ దాని ఫలాలు. టిక్నర్ హార్వర్డు పీఠమెక్కడం, బ్రౌను కడపకు చేరడం ఒకటి రెండేండ్ల తేడాతో జరిగాయి. ఒకరిని ఒకరు ఎరుగరు. ఇద్దరి కథలో ఒకే నీతి ఉన్నది: పరీక్ష నడిమి మెట్టును కొలవగలదే గాని దాటించలేదు.

దాటినవారు కొందరు టిక్నర్ చుట్టూనే ఉన్నారు. విలియం ప్రెస్కాటు ఆయన మిత్రుడు; చూపు చాలావరకు పోయినవాడు. జర్మన్ నేర్చుకోబోయి విడిచిపెట్టిన ప్రెస్కాటుకు టిక్నర్ 1824లో తన స్పానిష్ సాహిత్యోపన్యాసాలు చదివి వినిపించాడు. ఆ వినికిడితో ఆయన స్పానిష్ ఆరంభించాడు. కొన్నేండ్లకు ఫెర్డినాండు, ఇసబెల్లాల చరిత్ర, ఆ తరువాత 1843లో మెక్సికో విజయ చరిత్ర, 1847లో పెరూ విజయ చరిత్ర ఆయన కలం నుండి వచ్చాయి. టిక్నర్ పీఠంలో 1836లో కూర్చున్న లాంగ్‌ఫెలో 1827లో స్పెయినులో మాసాల తరబడి తిరిగి భాష నేర్చినవాడు. ఆ పీఠానికి రాకముందు బౌడిను కళాశాలలో తన విద్యార్థులకు పుస్తకాలు లేవని తానే కూర్చి అచ్చువేయించినవాడు. ఆయనను అనుసరించి 1855లో ఆ పీఠానికి వచ్చిన కవి జేమ్స్ రస్సెల్ లోవెల్ కథ ఇంకా మనోహరం. రెండు దశాబ్దాలు ఆచార్యత్వం నెరపి, 1877లో రాయబారిగా మాడ్రిడు పోయిన ఆయన, అక్కడ ఒక అధ్యాపకుని పెట్టుకొని మళ్లీ శిష్యుడై స్పానిష్ అభ్యసించాడు. గ్రంథపు భాష తెలిసిన ఆచార్యుడు వీధిలో భాష వినగానే తానింకా మధ్యముడనని గ్రహించాడు. సిగ్గుపడకుండా గ్రహించడమే ఆయన గొప్పతనం.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ నడిమి మెట్టు మీదికి జనసమూహం వచ్చింది. దానికి హేతువు సాహిత్యాభిమానం కాదు, యుద్ధం. 1917లో అమెరికా జర్మనీతో యుద్ధానికి దిగగానే జర్మన్ భాష మీద ద్వేషం పుట్టింది. 1915లో ఉన్నత పాఠశాలల విద్యార్థులలో దాదాపు నాలుగవ వంతు చదువుతుండిన ఆ భాషను 1922 నాటికి నూటికి ఒక్కరు కూడా చదవడం లేదు. ఖాళీ అయిన బల్లలు చాలావరకు స్పానిష్‌కు దక్కాయి. 1917లోనే స్పానిష్ ఉపాధ్యాయుల సంఘం ఏర్పడింది. మిడిల్‌బరీ కళాశాలలో వేసవి స్పానిష్ పాఠశాల తెరచారు. అక్కడ చేరినవారు ఆ వారాలలో వేరొక భాష మాట్లాడమని మాట ఇవ్వాలి. కాని అన్ని కళాశాలలూ మిడిల్‌బరీలు కావు. సామాన్య విద్యార్థి భాష చదివేది రెండేండ్లు మాత్రమే. ఈ కటికనిజాన్ని గమనించి, 1929లో ఆల్జెర్నన్ కోల్మన్ తన నివేదికలో, రెండేండ్లలో సాధ్యమయ్యేది చదవడమొక్కటే గనుక దానినే లక్ష్యంగా పెట్టుకోవాలని సూచించాడు. ఇదే కాలంలో మన ఢాకాలో మైకేల్ వెస్టు బెంగాలీ బాలురకు ఇంగ్లీషు బోధించడంలో చదువుటకే అగ్రస్థానం ఇవ్వాలని 1926లో వాదించాడు. రెండు చోట్లా వాదం ఒకటే: పిల్లవాడు మధ్యలో చదువు మానివేసినా, వానికి మిగిలేది ఏదో ఒకటి ఉండాలి. జాలితో కూడిన వాదమిది. కాని దాని ఫలితంగా ఒక తరం వారు కళ్లతో స్పానిష్ నేర్చి, చెవులకూ నాలుకకూ దూరం చేసికొన్నారు.

రెండవ ప్రపంచయుద్ధం ఆ లెక్కను తలక్రిందులు చేసింది. 1943లో అమెరికా సైన్యం కళాశాలలలో భాషాశిక్షణ ప్రారంభించి, చిన్న జట్లను మాతృభాషీయుల ఎదుట కూర్చోబెట్టి, రోజుకు గంటల తరబడి మాట్లాడించింది. కొద్ది నెలలలో మాట వచ్చింది. యుద్ధానంతరం కళాశాలలు ఆ ఫలితాన్ని చూచి మోహపడి, వాక్యాలను వందసార్లు వల్లె వేయించే పద్ధతిని చేపట్టాయి. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగురవేసిన తరువాత, 1958లో వచ్చిన జాతీయ రక్షణ విద్యాచట్టం డబ్బు కుమ్మరించి, చెవులకు శ్రవణయంత్రాలు తగిలించుకొని కూర్చునే భాషాప్రయోగశాలలను దేశమంతటా కట్టించింది. సైనికునికి దినమంతా ఉన్న సమయం విద్యార్థికి లేదు. వారానికి మూడు నాలుగు గంటల మధ్యమ తరగతిలో చిలుకపలుకులు వచ్చాయి. వాటిని విడిచి తన మాట తాను కూర్చుకొనే ధైర్యం రాలేదు. 1986లో అమెరికా భాషోపాధ్యాయుల సమితి ప్రకటించిన ప్రమాణాలు ఈ లోపాన్నే పట్టుకొన్నాయి. కంఠస్థం చేసిన మాటలను అప్పగించేవాడు ప్రారంభదశలో ఉన్నాడు. తన అవసరానికి తగిన వాక్యాన్ని తానే సృష్టించగలవాడే మధ్యముడు. నడిమి మెట్టుకు ఇంతకంటె మంచి నిర్వచనం నేనెరుగను.

ఈ యుద్ధాల నడుమనే స్పెయిను అంతర్యుద్ధం అమెరికా కళాశాలలకు ఒక విషాదభాగ్యాన్ని తెచ్చిపెట్టింది. 1936 తరువాత దేశం విడిచిన కవులు ఉపాధ్యాయులై వచ్చారు. పెడ్రో సాలినాసు, హోర్హె గిల్యేన్ వెల్స్‌లీ కళాశాలలో పాఠాలు చెప్పారు. లూయిస్ సెర్నూడా 1947 నుండి 1952 వరకు మౌంట్ హోలియోక్ కళాశాలలో చెప్పాడు. తన భాష వినిపించే వీధిని పోగొట్టుకొన్న కవి, ఆ భాషను తడబడుతూ పలికే పద్దెనిమిదేండ్ల బాలికల ఎదుట నిలబడడం ఎట్టిదో ఊహించవచ్చును. దీనికి ఎదురు చిత్రం కూడా ఒకటి ఉన్నది. అంతకుముందే, 1929లో ఫెదెరికో గార్సియా లోర్కా న్యూయార్కు వచ్చి, కొలంబియా విశ్వవిద్యాలయంలో విదేశీయుల ఇంగ్లీషు తరగతిలో చేరాడు. ఇంగ్లీషు రాలేదు, పరీక్షకు కూర్చోలేదు. ఆ నగరం మీద ఆయన వ్రాసిన కావ్యం మాత్రం స్పానిష్‌లో అమరమైంది. మహాకవి కూడా పరభాషలో మొదటి మెట్టు మీద చతికిలపడవచ్చునన్న సంగతి మధ్యమ విద్యార్థికి కొంత ఊరట.

అసలా తరగతిలో ఏమి ఉంటుంది? అమెరికా విద్యార్థిని అక్కడ నిలువరించేవి ముఖ్యంగా రెండు మూడు వ్యాకరణ విషయాలు. స్పానిష్‌లో గతకాలం రెండు తీరులు. 'సూపే' అంటే ఒక క్షణంలో నాకు తెలిసింది; 'సబీయా' అంటే నాకు అప్పటికే తెలిసి ఉండేది. ఇంగ్లీషు క్రియలో ఈ రెండిటికి ఒకే రూపం చాలు గనుక ఆ విద్యార్థి తికమకపడతాడు. 'వెళ్లాను', 'వెళ్లేవాణ్ణి' అని పసితనం నుండి వేరుచేసి పలికే తెలుగువానికి ఇందులో వింత లేదు. 'మే గుస్తా' అంటే నాకు ఇష్టం. ఇష్టపడే మనిషిని చతుర్థిలో పెట్టడం తెలుగు, హిందీ, స్పానిష్ మూడిటికీ సమానం. 'అతడు రావాలని కోరుతున్నాను' అనడానికి హిందీలో 'చాహతా హూఁ కి వహ్ ఆయే' అంటాము. ఆ 'ఆయే' వంటి సంభావనారూపమే స్పానిష్ మధ్యమ తరగతిలోని పెద్ద గండం. 'తూ', 'ఉస్తెద్' అన్న భేదం మన నీవు, మీరు భేదమే. మనల్ని అడ్డగించేది లింగం. బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు అన్న నియమం హిందీలో అలవాటు లేని తెలుగువానిని ఇక్కడ కూడా వెంటాడుతుంది. మెట్టు అందరికీ ఒకటే. కాలు జారే చోటు మాతృభాషను బట్టి మారుతుంది. ఉపాధ్యాయుడు ఈ సంగతి ఎరిగినవాడైతే సగం భారం తీరినట్లే.

ఇంతవరకు చెప్పిన కథలో ఒక నీడ ఉన్నది. 1848లో జరిగిన గ్వాడలూపె హిడాల్గో సంధి వలన మెక్సికో దేశపు విశాల భాగం అమెరికాలో చేరింది. అక్కడి ప్రజలు భాష మారకుండానే దేశం మారినవారు. వారి సంతతిని, తరువాత వలస వచ్చినవారి సంతతిని టెక్సాసు మొదలైన రాష్ట్రాలలోని పాఠశాలలు, ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా, కొన్నిచోట్ల ఆ తరువాత కూడా, బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడినందుకు శిక్షించాయి. కొట్టడం, జరిమానా, సాయంకాలం నిలబెట్టడం అందులో భాగం. అదే దేశంలో కళాశాల విద్యార్థి అదే భాషలో నాలుగు వాక్యాలు తప్పులు లేకుండా పలికితే మార్కులు వచ్చాయి. ఇంటి భాషగా వస్తే నేరం, పుస్తకపు భాషగా వస్తే విద్య! శిక్షననుభవించిన ఆ పిల్లలలో కొందరు పెరిగి కళాశాలకు వచ్చినప్పుడు ప్రవేశపరీక్ష వారిని మధ్యమ తరగతికే పంపింది. వారు అమ్మమ్మతో ధారాళంగా మాట్లాడగలరు. వ్రాయడం ఎవరూ నేర్పలేదు. ప్రక్క బల్ల మీద కూర్చున్న విద్యార్థికి వ్యాకరణం వచ్చును, మాట రాదు. పట్టికలో ఇద్దరి స్థాయీ ఒకటే. కాని ఒకడు భాష వైపు నడుస్తున్నాడు, మరొకడు పోగొట్టుకొన్నదాని వైపు నడుస్తున్నాడు. 1970 దశకం నుండి ఇట్టివారికి వేరుగా తరగతులు ఏర్పడడం ఆలస్యంగా చేసిన న్యాయం. వలసపోయిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు విని, చదవడానికి మాత్రం అక్షరాలు దిద్దుకొనే నేటి స్థితిలో, ఈ అనుభవం నుండి మనం నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

సంఖ్యలు కూడా ఒక మాట చెప్తాయి. 1970లో స్పానిష్ అమెరికా కళాశాలలలో ఫ్రెంచిని మించిపోయి, పరభాషలలో మొదటి స్థానమందుకొన్నది. 2009లో చదివేవారు 8,60,000కు పైబడ్డారు. 2021 నాటికి ఆ సంఖ్య 6,00,000 లోపునకు దిగింది. పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ ఒక విషయం మారలేదు: వారిలో అత్యధికులు తొలి రెండేండ్ల తరగతులవారే. కళాశాల విధించిన నియమం ముగిసిన నాడే భాషకు సెలవు చెప్పినవారే. అవతలి ఒడ్డున సెర్వాంటెస్, లోర్కా, నెరూడా, బోర్హెస్ వేచి ఉన్నారు. వంతెన నడుమ నుండి జనం వెనక్కి పోతున్నారు.

దీనివలన మనకేమి నష్టమని పాఠకుడు అడుగవచ్చును. రెండు ఉదాహరణలు చెప్పి ముగిస్తాను. 1915 నుండి రవీంద్రుని కావ్యాలు స్పెయినుకు చేరాయి. సెనోబియా కాంప్రుబీ వాటిని అనువదించింది. ఆమె భర్త, కవి హువాన్ రమోన్ హిమేనెథ్ వాటికి మెరుగుదిద్దాడు. స్పానిష్ లోకం ఆ పుస్తకాలను హృదయానికి హత్తుకొన్నది. కాని ఆమె చదివినది బెంగాలీ కాదు, ఇంగ్లీషు. ఇక రెండవది. 1930 దశకంలో కార్ల్ టిల్డెన్ కెల్లర్ అనే అమెరికా గ్రంథసేకర్త కోరిక మేరకు, ఆరెల్ స్టెయిన్ మధ్యవర్తిత్వంతో, నిత్యానంద శాస్త్రి, జగద్ధర జాడూ అనే కాశ్మీర పండితులు 'డాన్ క్విక్సోట్'లోని కొన్ని అధ్యాయాలను సంస్కృతంలోకి తెచ్చారు. వారి ఎదుట ఉన్నది కూడా పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు అనువాదమే. ఆ వ్రాతప్రతి చివరకు టిక్నర్, సేల్సు పాఠాలు చెప్పిన హార్వర్డు గ్రంథాలయానికే చేరి, 2019లో గాని అచ్చు ముఖం చూడలేదు. ఆ రెండు అనువాదాలకూ నమస్కరిస్తున్నాను. అయినను భారతదేశము, స్పానిష్ లోకము ఒకరి గుమ్మంలోకి ఒకరు ఇంకా ఇంగ్లీషువారి పెరటిదారినే నడుస్తున్నామన్నది నిజం. తెలుగులోకి వచ్చిన స్పానిష్ రచనలు కూడా చాలావరకు ఆ దారినే వచ్చాయి.

నేడు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోను, హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోను స్పానిష్ బోధన ఉన్నది. అక్కడ రెండవ యేడు కూర్చున్న తెలుగు విద్యార్థి ఒకనాడు విసుగెత్తి పుస్తకం మూసివేయవచ్చును. ఆ సాయంకాలం వానికి చెప్పవలసిన మాట ఒక్కటే. నాయనా, నీవు చేతగానివాడవై ఇక్కడ ఆగలేదు. ఈ మెట్టు స్వభావమే ఇది. ఆచార్య లోవెల్ రాయబారియై కూడా ఇక్కడికి తిరిగి వచ్చాడు, బ్రౌను పరీక్ష నెగ్గిన తరువాతనే ఇక్కడినుండి బయలుదేరాడు. ఇంకొక వేయి పుటలు తడబడుతూ చదువు. నీవు దాటిన నాడు ఒక నవల ఆ భాష నుండి నేరుగా మన ఇంటికి వస్తుంది.